సార్ గారి సగం గూడు

నన్నెవరైనా "సార్" అని పిలిస్తే, ఎంత పనిలో ఉన్నా వెంటనే పలుకుతాను. నా వినయం అలాంటిది.

నేను గిజిగాణ్ణి. ఈ తుమ్మచెట్టు మీద కుర్ర గిజిగాళ్ళకు గూడు అల్లడం నేర్పుతాను. ఎవరి గూడు చూసినా ఏదో ఒక ముడి వదులుగా ఉంటుంది. దాన్ని విప్పి నేనే మళ్ళీ వేసి ఇస్తాను. అందుకే వానలు దగ్గరపడినా నా గూడు సగంలోనే ఉంది.

మాలో ఆడపిట్ట గూడును ముక్కుతో లాగి చూసి, నచ్చితేనే కాపురానికి ఒప్పుకుంటుంది. ఆ ఉదయం వకుళ వచ్చి నా శిష్యుడి గూడు లాగి చూసింది.

"ఈ ముడి భలే కుదిరింది," అంది.

"అది నేను వేసిందే," అన్నాను గొంతు సవరించుకుని.

"అలాగా. మరి మీ గూడేదండీ?"

చూపించాను.

"మంచి గూడే అవుతుంది లెండి. నా గుడ్లు అప్పటిదాకా ఆగవు కదా," అని శిష్యుడి గూట్లోకి వెళ్ళిపోయింది.

మబ్బు పట్టింది. ఇంకో పిట్ట రాకపోతుందా అని గడ్డిపోచ ముక్కున కరుచుకుని గబగబా అల్లబోయాను.

"సార్, ఒక్క సందేహం," అన్నారెవరో వెనకనుంచి.

"చెప్పు నాయనా," అన్నాను. పోచ గాలికి పోయింది.

ముక్కులో పోచ ఉన్నప్పుడు పలక్కుండా ఉండటం నేనింకా నేర్చుకోలేదు.