దాకా బిళ్ల

భార్య చనిపోయింది కూతురి వల్లే. ఈ విషయం పెద్దాయన ఇరవై రెండేళ్ల క్రితమే తేల్చేశాడు. అప్పుడు ఎదురింట్లోనే నర్సు ఉండేది, పిలిస్తే పలికేంత దూరం. భార్యకు ఊపిరాడకపోతే ఆయన బండి కోసం పరుగెత్తి తిరిగొచ్చేసరికి తొమ్మిదేళ్ల కూతురు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. లోపల మంచం మీద భార్య ఊపిరి ఆగిపోయి ఉంది. నర్సును ఎందుకు పిలవలేదని అందరూ అడిగారు. పిల్ల నోరు విప్పలేదు. తప్పు లేకపోతే విప్పేది కదా అని ఆయన వాదన.

ఇప్పుడు కంటి ఆపరేషన్ అయి, ఒక కంటికి కట్టుతో, పది రోజులుగా ఆ కూతురి ఇంట్లోనే ఉన్నాడు. అల్లుడు పట్టుబట్టి తీసుకొచ్చాడు. కూతురు రెండడుగుల దూరంలో ఉన్నా, చుక్కల మందు వేళయిందని మీ అమ్మతో చెప్పు అని మనవరాలికే చెబుతాడు. రేపు వెళ్లిపోతాడు. వెళ్లేలోగా ఒక్క మాటైనా తనతో నేరుగా మాట్లాడతాడేమోనని కూతురు ఎదురుచూస్తోందని అల్లుడు చెప్పాడు.

భోజనాల బల్ల మీద మనవరాలు బడి నుంచి తెచ్చిన రోబో ఉంది. తాబేలంత ఉంటుంది. దానికి మొద్దు అని పేరు పెట్టింది. రేపు పదింటికి పోటీ. మొద్దు బల్ల ఆ చివరకు నడిచి, ఆగి, కుడికి తిరగాలి. అది పాడైతే మనవరాల్ని జట్టులోంచి తీసేస్తారు.

పలక మీద బిళ్లలు వరసగా పేరిస్తే మొద్దు అలాగే చేస్తుంది. ముందుకు, కుడికి, ఆగు. ఒక బిళ్ల మీద మాత్రం 'దాకా' అని ఉంది.

"ఇదేం చేస్తుంది?"

"'చప్పట్లు, దాకా, ఆగు' అని పెట్టావనుకో తాతా, చప్పట్లు వినపడేదాకా కదలదు. నువ్వు గింజుకున్నా సరే."

పెద్దాయనకు ఆ బిళ్ల నచ్చింది. ముప్పై ఏళ్లు రేవులో క్రేన్ల దగ్గర సైగల మేస్త్రీగా చేశాడు. ఎత్తు, దించు, ఆపు, అన్నీ చేత్తోనే. క్రేన్ నడిపేవాడు సొంత బుర్ర వాడకూడదు. సైగ లేనిదే కొక్కెం అంగుళం కదలకూడదు. ఇంట్లోనూ అదే చట్టం.

"మీ మొద్దు మా క్రేన్ డ్రైవర్ల కంటే నయమే" అంటూ 'ముందుకు' పెట్టి, దాని వెనక ఆ మూడు బిళ్లలూ తనే పేర్చాడు.

మొద్దు గుర్రుమంటూ నడిచింది. బల్ల ఆ చివర మనవరాలు అంటించిన నీలం టేపు గీత మీద ఆగి చప్పట్ల కోసం చూస్తోంది. గీత సరిగా లేదని మనవరాలు టేపు కోసం గదిలోకి వెళ్లింది. పెద్దాయన నీళ్ల కోసం చెయ్యి చాపాడు. ఒంటి కంటికి దూరం తెలియలేదు. జగ్గు బోర్లా పడింది. బల్లకు ఆ వైపు కాళ్లు పొట్టి. నీళ్లు మొద్దు వైపే పరుగెత్తాయి.

"తప్పుకో" అన్నాడు.

మొద్దు కదల్లేదు. ఆయన లేచి, రేవులో లాగా చెయ్యెత్తి పక్కకు ఊపాడు. ఇంకా గట్టిగా ఊపాడు. నీళ్లు చక్రాలు దాటి లోపలికి పోయాయి. పచ్చ దీపం రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది.

మనవరాలు టేపుతో వచ్చి చూసి ఏడుపు అందుకుంది. పెద్దాయనకు కోపం తన్నుకొచ్చింది. మీదికి నీళ్లు వస్తుంటే జరగాలన్న ఇంగితం లేదా, ఇలాంటి దానికి బడిలో పోటీలా అని తిట్టాడు. మనవరాలు వెక్కుతూనే ఎదురు తిరిగింది.

"చప్పట్లు ఎందుకు కొట్టలేదు? దాకా బిళ్ల పెట్టింది నువ్వే కదా."

వంటింట్లోంచి కూతురు వచ్చింది. మొద్దును ఎత్తి, కొంగుతో తుడిచి, పసిపిల్లను పట్టుకున్నట్టు గుండెకు ఆనించుకుంది. తండ్రి వైపు చూడలేదు.

"దాన్నేమీ అనకండి నాన్నా. చెప్పినట్టే నిలబడింది."

పెద్దాయన ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి దించాడు. గోడ పక్కనున్న సంచీ అందుకున్నాడు. పది రోజుల్లో మొదటిసారి కూతురి ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"ఆ సంగతి ఇక నా దగ్గర ఎప్పుడూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

ఏ సంగతో మనవరాలికి అర్థం కాలేదు.

"నేనొచ్చేదాకా గడప దాటకు" అని ఆ రోజు బండి కోసం పరుగెడుతూ కూతురికి చెప్పింది ఆయనే.