ఆడిటర్‌గారి వైపర్లు

కాబోయే వియ్యంకుడిలో ఒక్కటంటే ఒక్క లోపం కూడా దొరక్క ఆడిటర్‌గారికి కొన్నాళ్లుగా నిద్ర పట్టడం లేదు.

జీవితమంతా ఇతరుల తప్పులు వెతకడంలోనే గడిపిన మనిషి. అలాంటిది, కన్నకూతురు తనంతట తానే ఒక కుర్రాణ్ణి ఎంచుకుని "నాన్నా, ఇతనే" అంటే ఊరికే సరే అనేస్తారా? కుర్రాడి ఉద్యోగం గురించి వాకబు చేశారు. బాగుంది. అలవాట్లు ఆరా తీశారు. ఇంకా బాగున్నాయి. కుర్రాడి తండ్రితో ఫోన్లో మాట్లాడారు. ఆయన మర్యాద చూసి ఆడిటర్‌గారికి ఒళ్లు మండిపోయింది.

పైగా ఆ పెద్దమనిషి, "మీ కారు వైపర్లు మొరాయిస్తున్నాయా? మాదీ అచ్చం అలాంటి తెల్ల కారే, మీ ఊళ్లోనే బాగు చేయిస్తాం. మా మెకానిక్‌కి ఇవ్వండి బావగారూ, చేయి తిరిగినవాడు" అని సాయం కూడా చేశాడు.

అప్పుడే బావగారట!

వైపర్లు మొరాయించడంలో వాటి తప్పేమీ లేదు. కారు కొన్నప్పటి రబ్బర్లే ఇప్పటికీ. ఎండకు ఎండి, పెళుసెక్కి, అద్దాన్ని తుడవడం మానేసి గీకడం మొదలుపెట్టాయి. "రబ్బర్లు మార్పించండి" అని భార్య అన్నప్పుడల్లా, "వాడటం వచ్చినవాడి దగ్గర వస్తువులు అరగవు" అని ఆడిటర్‌గారు సూత్రం చెప్పేవారు. చివరికి వైపర్ల మోటారు కూడా దణ్ణం పెట్టేసింది. గత్యంతరం లేక కారును ఆ మెకానిక్‌కే ఇచ్చారు.

వియ్యాలవారింటికి వెళ్లాల్సిన రోజు పొద్దున ఆడిటర్‌గారు గ్యారేజీకి వెళ్లారు. మెకానిక్ ఒక వ్యాను కింద దూరి ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"బండి అయిందా?" అని ఆ కాళ్లను అడిగారు.

"అయింది సార్. తాళం దానికే ఉంది," అన్నాయి కాళ్లు.

ఎదురుగా తాళంతో తెల్ల కారు నిలబడి ఉంది. ఆగడం, అడగడం చిన్నవాళ్ల పనులు. ఆడిటర్‌గారు ఎక్కేశారు. ఇంటికొచ్చి భార్యను ఎక్కించుకుని బయలుదేరారు.

"అబ్బ, ఎంత శుభ్రంగా ఉందండీ!" అంది భార్య.

"అసలు పని చేతకానివాడే పైపైన తుడిచి మెరిపిస్తాడు. ఇలాంటివాళ్లను ఎంతమందిని చూశాను!"

ఊరు దాటగానే చినుకులు మొదలయ్యాయి. ఆడిటర్‌గారి చేయి స్విచ్చు దాకా వెళ్లకముందే వైపర్లు లేచి, అద్దాన్ని ఒక్కసారి తుడిచి, బుద్ధిగా పడుకున్నాయి. ఆయన తన చేతిని చూసుకున్నారు. మళ్లీ చినుకులు. మళ్లీ తుడుపు.

"చూశావా! స్విచ్చు వెయ్యకుండానే తిరుగుతున్నాయి. ఏ వైరు తెచ్చి ఎక్కడ కలిపాడో!"

వంతెన కిందికి వెళ్లగానే హెడ్‌లైట్లు వెలిగాయి. ఇవతలికి రాగానే ఆరిపోయాయి.

ఆడిటర్‌గారి ముఖం చేటంత అయింది. ఇన్నాళ్లుగా వెతుకుతున్నది దొరికింది.

"మెకానిక్‌నే ఎంచుకోలేని మనిషి కొడుకుని ఏం పెంచి ఉంటాడు? ఇదే మాట ఆయన మొహం మీద అడుగుతాను."

"వానొస్తే వాటంతట అవే తుడిచే వైపర్లు ఉంటాయటండీ. మా చెల్లెలు చెప్పింది."

"ఉంటాయి, కొనుక్కున్నవాళ్లకి! మనం కొన్నామా? నా కారులో ఏముందో నాకు తెలీదా?"

భార్య మాటను కూతురి వైపు తిప్పింది.

"అది మనసు పడిందండీ. వైపర్ల కోసం దాని పెళ్లి చెడగొడతారా?"

"వైపర్లు కాదే, పద్ధతి!"

కారు తగలబడకముందే ఏదో ఒకటి చేయాలని రోడ్డు పక్కన ఆపారు. ఉక్కపోస్తుంటే కిటికీ అద్దాలు దించారు. స్టీరింగు కింద ఉన్న ఫ్యూజుల డబ్బా మూత లాగారు. అది విరిగి చేతికొచ్చింది. ఏ ఫ్యూజు దేనిదో మూత వెనకాలే రాసి ఉంది. ఇతరుల కాగితాలైతే కామాలతో సహా చదివే మనిషి, దాన్ని మాత్రం వెనక సీట్లోకి విసిరేశారు.

ఒకటి పీకారు. హారన్ పోయింది. ఇంకోటి పీకారు. దించిన అద్దాలు ఇక పైకి లేవమన్నాయి. మరోటి పీకగానే వైపర్లు అద్దం నడుమ నిలువునా నిలబడిపోయాయి.

"లొంగాయి!" అన్నారు ఆడిటర్‌గారు.

సరిగ్గా అప్పుడే వాన ఊపందుకుంది. కంగారులో పీకిన ఫ్యూజులు చేజారి, రోడ్డు పక్క కాలవలో కొట్టుకుపోయాయి.

మిగతా దారంతా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి నడిపారు. హారన్‌కి బదులు తనే అరిచారు. భార్య అవతలి కిటికీలోంచి చేయి చాపి, చేతిరుమాలుతో అందినంత మేర అద్దం తుడుస్తూ వచ్చింది.

వియ్యాలవారి గేటు ముందు ఆగేసరికి ఇద్దరూ బట్టలతో స్నానం చేసినట్టున్నారు. అయినా ఆడిటర్‌గారికి ఆనందం పట్టరానిదిగా ఉంది. దారి పొడుగునా నూరుకుంటూ వచ్చిన మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

గేటు తెరుచుకుంది. కాబోయే వియ్యంకుడు గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తడిసి ముద్దయిన అతిథులను చూశాడు. కారును చూశాడు. వైపర్లను, విరిగిన మూతను కూడా చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆడిటర్‌గారు గొంతు సవరించుకున్నారు. నోరు తెరిచేలోగా ఆ పెద్దమనిషి గొడుగు వదిలేసి, ఆయన చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు.

"బావగారూ, పొద్దున గ్యారేజీలోంచి మా కారు ఎత్తుకుపోయిన దొంగ మీకెక్కడ చిక్కాడు?"