కత్తి వెంట తెచ్చుకునే మనిషి

కుడి చెంప మీద చిన్న గాటు పడింది.

కనీకనిపించనంత రక్తం. బార్బరు అలవాటు కొద్దీ దాన్ని బొటనవేలితో తుడిచేశాడు.

కుర్చీలోని పెద్దాయన ఒక్క ఉదుటున లేచాడు. మెడకు కట్టిన గుడ్డ వేలాడుతుండగానే బార్బరు మణికట్టు పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కుపోయాడు.

"సబ్బు పెట్టి కడుగు. ఇంకా. గోరు పక్కన చర్మం చీలింది చూడు, అక్కడ బాగా కడుగు."

బల్ల మీద వరస కోసం కూర్చున్నవాళ్లు పేపరు దించి మరీ చూశారు.

"ఏంటి బాసూ, పొద్దున్న చేతులు కడుక్కోలేదా?" అన్నాడొకడు. మిగతావాళ్లు పగలబడి నవ్వారు.

బార్బరుకు తల కొట్టేసినట్టయింది.

అసలే ఈయనంటే అతనికి ఒళ్లుమంట. ఎక్కడివాడో, ఏం చేసేవాడో తెలియదు. ఆ మధ్యనే వీధి చివర గదిలో అద్దెకు దిగాడు. గడ్డానికి వచ్చినప్పుడల్లా సంచిలోంచి సొంత కత్తి, సొంత బ్రష్షు, సొంత తువ్వాలు తీసి ముందు పెట్టేవాడు. పని అయ్యాక వాడిన బ్లేడుతో సహా అన్నీ డబ్బాలో సర్దుకుపోయేవాడు. అందరి చెంపలకూ రుద్దే పటిక బిళ్ల తీస్తే చాలు, ముఖం తిప్పేసుకునేవాడు.

బార్బరు ఆయనకు 'దొరగారు' అని పేరు పెట్టాడు. ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాడు. ఇవాళ మాత్రం నలుగురిలో పరువు పోయింది.

"మా చేతులు అంత అసహ్యంగా ఉన్నాయాండీ?"

"అది కాదు తమ్ముడూ. కామెర్ల టీకా ఎప్పుడైనా వేయించుకున్నావా?"

"నేనేమన్నా చంటిపిల్లాణ్నా, టీకాలేయించుకోడానికి?"

"ఇవాళే వెళ్లు. రేపు మాపు అనకు. కావాలంటే నువ్వొచ్చేదాకా షాపు నేను కనిపెట్టుకునుంటా."

"నా షాపు మీరు చూసేదేంటి? దయచేయండి. మళ్లీ ఈ మెట్టెక్కొద్దు."

పెద్దాయన సగం గడ్డంతోనే దిగి వెళ్లాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. మెట్టెక్కలేదు. రోడ్డు మీదే నిలబడి, "వెళ్లావా తమ్ముడూ?" అన్నాడు. బార్బరు వినపడనట్టు రేడియో పెంచాడు. ఆ తర్వాత ఇంకొన్నిసార్లు వచ్చి, ఆఖరికి రావడం మానేశాడు.

"పీడ విరగడైంది," అన్నాడు బార్బరు.

కొన్ని నెలలకు ఆసుపత్రి నుంచి నర్సు వచ్చింది. కటింగ్ షాపులన్నిట్లో రక్తపరీక్షలు చేస్తున్నారట. మొదలు ఈ షాపుతోనే.

"కామెర్లలో ఒక రకం రక్తం ద్వారా అంటుతుంది. ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యదు. తెలిసేసరికి లివరు సగం పోతుంది," అంటూ ఆమె రక్తం తీసింది. ఆమె చూపు అద్దం ముందున్న పటిక మీద పడింది. "ఇది ఎంతమందికి వాడతారు?"

"అరిగిపోయేదాకా."

నర్సు ఆ మాట పుస్తకంలో రాసుకుంది. ఆ రాసుకోవడమే అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

ఆ రోజు కత్తెర పట్టుకున్నప్పుడల్లా తన వేలి వంకే చూసుకున్నాడు. ఎన్ని గాట్లు తుడిచిందీ బొటనవేలు? ఎంతమంది చెంపల మీద తిరిగిందా పటిక? ఇంటికెళ్లి, నెలల పాపను ఎత్తుకోబోయి చేతులు వెనక్కి లాక్కున్నాడు. కూర్చున్నాడు, లేచాడు, వాకిట్లోకి వెళ్లి వచ్చాడు.

"ఏంటలా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" అంది భార్య.

"ఏం లేదు."

"ఏం లేకపోతే పిల్లనెత్తుకో."

అతను ఎత్తుకోలేదు. భయమేసింది, అంతే.

రెండో రోజుకు నర్సు మళ్లీ వచ్చింది.

"మీ రక్తంలో ఏమీ లేదు."

బార్బరు ఖాళీగా ఉన్న గడ్డం కుర్చీలో కూలబడ్డాడు. నర్సు అక్కడే అతని జబ్బకు టీకా వేసింది.

"ఇన్ని షాపులుండగా మాదే ముందెందుకమ్మా?"

"ఒక పేషెంటు పట్టుబట్టారు. ఆయన రక్తం మీ వేలికంటిందట, వేలికి చీలికుందట. ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ అదే పోరు. మేమే ఇదిగో అదిగో అని నాన్చాం."

బార్బరుకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచాడు.

"ఆయన... మా కత్తికి భయపడి కదమ్మా సొంతది తెచ్చుకునేది?"

"ఆయన జబ్బు మీకెవరికీ అంటకూడదని తెచ్చుకునేవారు. చేతులు వణికేవి, సొంతంగా గీసుకోలేరు. ఉన్నది చెబితే ఏ షాపులోనూ కూర్చోనివ్వరని దాచారు. మీకు మాత్రం చెప్పమన్నారు."

"ఏ వార్డులో ఉన్నారు? షాపు మూసేసి ఇప్పుడే వస్తా."

నర్సు సంచి సర్దుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"పోయిన వారమే పోయారు."

రోడ్డు మీద ఎవరో హారన్ కొట్టుకుంటూ వెళ్లారు. బార్బరు తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.

"నన్ను తిట్టుకునుంటారు."

"అయ్యో, లేదు. 'ఆ కుర్రాడి చెయ్యి ఎంత తేలికో. అలాంటి చెయ్యి జబ్బుపాలు కాకూడదు,' అనేవారు."

"చేతి సంగతి ఆయనకేం తెలుస్తుందమ్మా," అన్నాడు బార్బరు.

"తెలియకేం," అంది నర్సు మెట్టు దిగుతూ. "ఆయన జీవితమంతా చేసిందీ మీ పనే, ఆ జబ్బు అంటుకుందీ ఎవరికో గడ్డం గీస్తుండగానే."