ఎవరూ తెరవని పేజీ

తన కొంప ముంచింది ఆ బాన్ కై గాడేనని కువాంగ్ దఫాకి పూర్తి నమ్మకం. హాస్టల్లో నాలుగు వందల పన్నెండో గది, పొడుగు కాళ్ళు, ఎప్పుడూ ఒక ఇకిలింపు. పుస్తకం శుక్రవారం వాడి చేతికి వెళ్ళింది. ఆదివారం పొద్దున్న తిరిగొచ్చింది. తెరిచి చూస్తే డబ్బు లేదు.

హెంగ్‌యాంగ్‌లో, కాలేజీ వెనక గేటు దగ్గర దఫాది పాత పుస్తకాల బండి. పక్కనే అతని భార్య లూ షుఫెన్ టీ డికాషన్‌లో ఉడికించిన గుడ్లు అమ్ముతుంది. ఆరో తరగతిలో బడి మానేసిన దఫా, పదకొండేళ్ళుగా చదువుకున్నవాళ్ళ పుస్తకాలు కిలోల లెక్కన కొంటున్నాడు. దాంతో వాళ్ళ చదువు ఏపాటిదో అతనికి బాగా తెలిసిపోయింది. కాలేజీ ఇంగ్లిష్ పరీక్ష గట్టెక్కడానికి ప్రతి కుర్రాడూ లావాటి పదాల పుస్తకం ఒకటి కొంటాడు. అందులో మొట్టమొదటి మాటకి అర్థం ‘వదిలేయడం’. ఆ పేజీ మాత్రం చేతులు పడి నల్లగా మాసి ఉంటుంది. నాలుగో పేజీ నుంచి పుస్తకమంతా మల్లెపువ్వే. సి అక్షరం దాటిన మొనగాణ్ణి దఫా ఇంతవరకూ చూడలేదు.

అందుకే డబ్బు టి అక్షరం దగ్గర దాచాడు.

ఇంట్లో పెడితే షుఫెన్ బూట్లలో కూడా చెయ్యి పెట్టి వెతికే రకం. అదే బండి అడుగు అరలో, అట్ట చిరిగిన పదాల పుస్తకాన్ని ముట్టుకునేదెవరు? వారమంతా గుడ్ల డబ్బాలోంచి ఒకటీ అరా లాగిన నోట్లని, ఆదివారం ఆమె నీళ్ళకి వెళ్ళినప్పుడు అందులో పెట్టేవాడు. ఆ నోట్లు కూడా గుడ్ల కుండలాగే అనాసపువ్వు వాసన వేసేవి. ఆమెకి అనుమానం వచ్చే అవకాశమే లేదు. బేరం లేనప్పుడల్లా కుండ వెనక తల వంచుకుని కునుకు తీస్తూ ఉంటుంది.

పోయిన ఆదివారం లెక్కపెడితే ఏడు వేల నాలుగు వందల అరవై యువాన్లు. ఇంకో నలభై కలిస్తే జపాన్ గాలం కర్ర వస్తుంది. చెరువు గట్టు మీద రిటైరైన ప్రొఫెసర్ డింగ్ చేతిలో ఉన్నదాన్లాంటిదే. దఫా వెదురు కర్ర చూసి, “దీంతో చేపలు పడతావా, బట్టలు ఆరేస్తావా?” అన్నాడాయన, నలుగురిలో. మూడేళ్ళయినా ఆ మాట ముల్లులా లోపలే ఉంది. ఆఖరి కర్ర శనివారం దాకా ఎవరికీ అమ్మనని దుకాణంవాడు మాటిచ్చాడు. ఇప్పుడు చూస్తే ఇలా.

“ఆ పుస్తకం వాడికెందుకిచ్చావ్?” అని భార్యని అడిగాడు.

“పరీక్ష దగ్గరపడింది, ఓసారి చూసిస్తా పిన్నీ అన్నాడు. ఇచ్చాను. నీకెందుకయ్యా అంత కంగారు? పరీక్ష నువ్వు రాస్తున్నావా ఏంటి?”

మధ్యాహ్నం గుడ్ల కోసం వచ్చిన బాన్ కైని దఫా చొక్కా పట్టుకుని నిలేశాడు.

“నా పుస్తకంలో ఉన్నవి ఏవిరా?”

“ఏముంటాయి బాబాయ్, ఇంగ్లిష్ మాటలు. ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కటి కూడా నా బుర్రలోకి రాలేదు.”

“టి దాకా వెళ్ళావా, లేదా? అది చెప్పు.”

బాన్ కై స్నేహితులు పగలబడి నవ్వారు. వాడు మాత్రం నొచ్చుకున్నాడు.

“మూడుసార్లు తప్పినవాణ్ణి పట్టుకుని టి అంటావేంటి బాబాయ్? నేను బి మొహమే చూళ్ళేదు. నిజం చెప్పాలంటే ఆ పుస్తకం నూడుల్స్ గిన్నె మీద మూతగా పెట్టా. కావాలంటే అట్ట చూస్కో.”

అట్ట మీద గిన్నె అంచు మరక గుండ్రంగా ఉంది. దఫా చెయ్యి దానంతటదే వదులైంది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ కోర్టూ అడగదు.

“ఏం పోయిందో చెప్పి పోలీసుల దగ్గరికి వెళ్ళరాదూ?” అంది షుఫెన్, గుడ్డు ఒలుస్తూ.

“ఏమీ పోలేదు.”

“ఏమీ పోకపోతే మరి ఆ పిల్లాడి చొక్కా నలపడం దేనికి? ఇంద బాబూ, ఈ గుడ్డుకి డబ్బులొద్దు. ఈయన ఎప్పుడూ పరీక్ష రాయలేదు కదా, చదువంటే ఎంత కష్టమో తెలీదు.”

ఆ వారమంతా దఫా గేటులోంచి వచ్చే పోయే ప్రతి కుర్రాడినీ దొంగని చూసినట్టే చూశాడు. శనివారం వచ్చింది. షుఫెన్ మంచి కోటు వేసుకుని, చెల్లెలి ఇంటికని తొందరగా వెళ్ళిపోయింది. ఈపాటికి దుకాణంవాడు ఆ కర్ర ఇంకెవరికో అమ్మేసి ఉంటాడు.

నోట్లు జారి వేరే పేజీల్లో ఇరుక్కున్నాయేమోనని చివరి ఆశ. దఫా పుస్తకాన్ని మొదటిసారిగా మొదటి పేజీ నుంచి తిప్పాడు.

మొదటి పేజీ అంచున గోధుమరంగు బొటనవేలి ముద్ర. రెండో పేజీలోనూ ఉంది. మూడులోనూ. బి అయిపోయింది, సి అయిపోయింది, ముద్ర మాత్రం ఆగలేదు. దఫా పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అనాసపువ్వు వాసన. గబగబా తిప్పాడు. టి దగ్గరా అదే ముద్ర, కాకపోతే అక్కడ కాస్త గట్టిగా పడింది. అక్కడితోనూ ఆగలేదు.

పదకొండేళ్ళలో చివరిదాకా చదివిన పదాల పుస్తకం అతని చేతికి రావడం ఇదే మొదలు. ఆఖరి పేజీలో, నీట్‌గా రెండు మడతలు పెట్టిన రసీదు ఉంది. వయోజన కళాశాల, ఇంగ్లిష్ విభాగం, శనివారం తరగతులు. ఫీజు, పుస్తకాలు, సంచీ కలిపి. విద్యార్థిని పేరు లూ షుఫెన్. ముట్టిన సొమ్ము ఏడు వేల నాలుగు వందల అరవై యువాన్లు.