గోల్ఫు బండి మీద ఫిర్యాదు

"మళ్లీ వచ్చారా అమ్మా?" అన్నాడు ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్, బూట్లు విప్పి కాళ్లు బల్ల కింద చాపుకుంటూ. పొద్దుటి నుంచి కూడలిలో నిలబడీ నిలబడీ పాదాలు దిమ్మెక్కిపోయాయి.

ఎదుటి కుర్చీలో నెరిసిన జుట్టావిడ. కూర్చున్న తీరు చూస్తే తాడోపేడో తేల్చుకునేదాకా లేచేలా లేదు.

"ఆ గోల్ఫు బండి ఇవాళ కూడా మెయిన్ రోడ్డెక్కింది. నంబరు ప్లేటు లేదు. లారీల మధ్య నత్తలా పోతోంది. రూలుందా, లేదా?"

"రూలైతే ఉందమ్మా. రోడ్డు మీద బోర్డే ఇంకా పెట్టలేదు. లోపలి వీధుల్లో తిరిగితే తప్పులేదు. మెయిన్ రోడ్డెక్కితేనే పట్టుకోవాలి."

"మరి పట్టుకోండి."

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు. ఆ బండి ఆయన ఎరగందేం కాదు. గోల్ఫు క్లబ్బులో అలాంటి బళ్లే నడిపి నడిపి రిటైరైన పెద్దాయనది. వెళ్లిపోతుంటే క్లబ్బువాళ్లు పాతదొకటి ఇచ్చి పంపారు. బజారు నుంచి సంచులు మోసుకొచ్చే ఆడవాళ్లని ఊరికే ఎక్కించుకుంటాడు. అందరూ ఆయన్ని 'కెప్టెన్' అంటారు.

"పాపం, నలుగురికి ఉపకారం చేసే మనిషి. ఆయనతో మీకేం పగమ్మా?"

"పగేంటి? రేపు ఏ బస్సో గుద్దితే ఆ నలుగురూ పోతారు. అప్పుడొచ్చి సుద్దముక్కతో రోడ్డు మీద గీతలు గీస్తారా?"

"పోనీ, మీరే ఒక మాట చెప్పి చూడకపోయారా?"

"మామూలు మనుషుల మాట ఎక్కే చెవులు కావవి. యూనిఫాం మాటైతే ఎక్కుతుంది." ఆవిడ లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "నేను చెప్పానని మాత్రం తెలియకూడదు."

సాయంత్రం మెయిన్ రోడ్డు మీద బండి దొరికింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. వెనక సీట్లోంచి కూరగాయలామె ఒక్క గెంతున దిగింది.

"దొంగల్ని వదిలేసి కెప్టెన్ని పట్టుకున్నావా నాయనా? దారి మేం చెబుతాం, బండి ఆయన నడుపుతాడు. మధ్యలో ఎవడి సొమ్మేం పోయింది? నీకు చెప్పిన ఆ నోరు పడిపోను!"

"తాళం ఇవ్వండి పెద్దాయనా. బండి ఇక స్టేషన్లో ఉంటుంది."

పెద్దాయన తాళాన్ని రెండు చేతుల మధ్య దాచుకున్నాడు. "ఇది దిగితే నేనెవర్ని సార్?"

ఇన్‌స్పెక్టర్ కోపమంతా ఫిర్యాదు చేసినావిడ మీదికి మళ్లింది. పనీపాటా లేనివాళ్లు ఇలాగే పక్కవాళ్ల బతుకుల్లో పుల్లలు పెడుతుంటారు! మొహం తిప్పుకుని తాళం తీసుకున్నాడు. పెద్దాయన్ని జీపెక్కించాడు.

"ఇంటి దగ్గర దింపుతా. ఎటు?"

"కుడికి... ఉహూ, ఎడమకి. తిన్నగా పోనీండి."

పోనిచ్చాడు. మందుల షాపొచ్చింది. ఇంకో మలుపు తిప్పించాడు పెద్దాయన. తిరిగి తిరిగి మళ్లీ అదే మందుల షాపు.

కేసు ఇంటి మీదికొస్తుందని అడ్రసు దాస్తున్నాడనుకున్నాడు ఇన్‌స్పెక్టర్. "చూపించండి పెద్దాయనా. జరిమానా రాయను. ఒట్టు."

పెద్దాయన ఒక్కో గుమ్మాన్నీ చూస్తూ కూర్చున్నాడు.

వీధి చివర ఎవరో చెయ్యెత్తి జీపుకి అడ్డమొచ్చారు. ఫిర్యాదు చేసినావిడే! తమాషా చూడ్డానికి కూడా తయారైందని పళ్లు నూరాడు ఇన్‌స్పెక్టర్.

ఆవిడ ఇన్‌స్పెక్టర్ వైపు చూడనైనా లేదు. అవతలి పక్క తలుపు తీసి, పెద్దాయన చెయ్యి పట్టుకుంది.

"రండి, మనిల్లు ఇదే."