గొట్టంలో ఎర్ర స్వెట్టర్

ఇంట్లో గదులన్నిటికీ వెచ్చగాలి మోసే గొట్టాలు శుభ్రం చేయడానికి వచ్చిన లానీ గోడ కంతలోకి భుజం దాకా చెయ్యి పెట్టి, ఒక ఎర్ర స్వెట్టర్ బయటికి లాగాడు. దుమ్ముకి అతనూ, పక్కన నిలబడ్డ ట్రూడీ, ఆమె అత్తగారు మార్లీన్ ముగ్గురూ తుమ్మారు.

"ఇదమ్మా అడ్డం. అందుకే మీ అత్తగారి గదికి వెచ్చగాలి రావడం లేదు."

ట్రూడీ గుర్తుపట్టింది. మూడేళ్ల కిందట క్రిస్మస్‌కి అత్తగారికి తను అల్లి ఇచ్చినదే.

"పోయిందన్నారుగా అత్తయ్యా?"

మార్లీన్ కళ్లజోడు తుడుచుకుంది. "ఆ కంతలోంచి నీ వంటింటి మాటలన్నీ నా మంచం మీదికే వచ్చేవి. అందుకని కుక్కాను."

"ఏం మాటలు?"

"మీ అక్కతో ఫోన్లో నన్ను ముసలి గుడ్లగూబ అన్నావుగా, అదొకటి."

లానీ గోడవైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. ట్రూడీ ముఖం స్వెట్టర్ రంగుకి వచ్చింది.

"అయితే మూడు చలికాలాలు, ఈ మిన్నెసోటాలో, వణుకుతూ పడుకున్నారా?"

"రోజూ అవన్నీ వింటే నీతో మాట్లాడగలనా? చలికైతే దుప్పటి ఉంది."

ట్రూడీకి ముందు ఏడుపొచ్చింది, వెంటనే నవ్వొచ్చింది, ఇక ఆ నవ్వు ఆగలేదు. మంచం మీద కూలబడింది. ఆ నవ్వు అత్తగారికీ అంటుకుంది.

"కంతకి జాలీ మూత బిగించెయ్యనా, మళ్లీ ఏమైనా కుక్కుతారా?" అన్నాడు లానీ.

"బిగించు నాయనా" అంది మార్లీన్. "మూడేళ్లయింది. కొత్త తిట్లేమైనా నేర్చుకుందేమో వింటాను."