నీలంలో నీటిబొట్టు

"ఆ మట్టి చేతులతో ముట్టుకోకు!"

రాళ్ల వ్యాపారి అరిచేసరికి ఆ మనిషి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

గోళ్ల నిండా ఎర్రమట్టి. మోచేతుల దాకా మట్టే. పొద్దున్నే కొట్టు తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

బల్ల మీద తెల్లగుడ్డలో, వ్యాపారి దళారి దగ్గర కొన్న నీలం. బొటనవేలి గోరంత. ఒక పక్క నీళ్లకి అరిగి నున్నగా ఉంది, రెండో పక్క కొత్తగా విరిగిన అంచు.

ఇలాంటి రాయికి కథ చెప్పమంటే వ్యాపారి ఏడు తరాల రాజుల్ని వరస పెడతాడు. తవ్విందెవడో మాత్రం ఏనాడూ అడగలేదు. ఎవరడుగుతారు?

రంగులో కాస్త ఊదా కలిసింది. అది పోవాలంటే నిప్పే మందు. సున్నపు ముద్దలో పెట్టి, బొగ్గుల్లో పూడ్చి, గొట్టంతో ఊదాలి. ఊదేవాడి మొహానికీ నిప్పుకీ మధ్య మూరెడు దూరం. ఊదేది వ్యాపారి బామ్మర్ది.

"దీన్ని ఊదకండయ్యా," అన్నాడు ఆ మనిషి.

"ఏం?"

"లోపల నీళ్లున్నాయి. ఎండలో పెట్టి వంచి చూడండి. మేస్త్రీల రసమట్టంలో బుడగలాగా కదుల్తుంది. సెగ తగిలితే ఆ నీళ్లు ఊరుకోవు."

వ్యాపారి బామ్మర్దికి కన్ను గీటాడు.

ఈ వ్యాపారంలో వంక పెట్టినవాడే కొనేవాడు. పగులుందంటే సగానికి ఇమ్మని. మచ్చుందంటే పావుకి ఇమ్మని. నీళ్లున్నాయనే బేరం మాత్రం కొత్తది.

"ఎవరు పంపారు నిన్ను? పక్కవీధి వాళ్లా?"

"ఎవరూ పంపలేదు."

"ఎంతిస్తావు?"

"నాకు రాయి వద్దు."

"ఏమీ వద్దన్నవాడి జేబులే ముందు తడమాలి," అన్నాడు వ్యాపారి.

బామ్మర్ది పకపకా నవ్వాడు. "పోన్లే బావా, నీళ్లున్నాయంటున్నాడుగా. దాహమైతే పిండుకుని తాగుదాం!"

వ్యాపారి భార్య లోపల్నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"అన్నా, చేతులు కడుక్కో."

"కడుక్కోబుద్ధి కావట్లేదమ్మా."

ఆమె చెంబు కింద పెట్టి భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, ఒక్కసారి ఎండలో పెట్టి చూస్తే మన సొమ్మేం పోయింది?"

"పరువు పోతుంది. వీడి ముందు ఎండలో పెట్టానంటే, నాకే అనుమానం ఉందని బజారంతా చాటుతాడు."

"పోనీ నేను చూస్తాలే అక్కా," అని తమ్ముడు లేవబోయాడు.

"కూర్చో. సాయంత్రం కొనేవాళ్లొస్తున్నారు. నిప్పులో పుట్టిన రాయికి నిప్పంటే భయమేంట్రా?"

ఆ మనిషి చేతులు జోడించాడు. వ్యాపారికి కాదు, ఊదేవాడికి.

"బాబూ, నువ్వైనా మొహం పక్కకి పెట్టుకో."

"మొహం పక్కకి పెట్టి ఊదితే పొరుగింటి పొయ్యి రాజుకుంటుంది," అన్నాడు బామ్మర్ది. కానీ ఈసారి నవ్వు సగంలోనే ఆగింది.

మెడ పట్టి మెట్లు దింపారు.

అతను పోలేదు. వీధి అవతల గోడ కింద కూలబడ్డాడు. లోపల గొట్టం ఊదే చప్పుడు మొదలవగానే రెండు చెవులూ మూసుకున్నాడు.

బొగ్గులు ఎర్రబడ్డాయి. తర్వాత తెల్లబడ్డాయి.

టప్.

పెద్ద చప్పుడేం కాదు. పెనం మీద గింజ చిట్లినంత.

అక్క పరిగెత్తుకొచ్చేసరికి తమ్ముడు మొహం కప్పుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు.

వ్యాపారి కొయ్యబారిపోయాడు. ముందు వచ్చి ఎత్తుకున్నవి ఆ మట్టి చేతులే. ఆసుపత్రి దాకా వీపున మోసి, మంచం మీద పడుకోబెట్టి, ఎటో వెళ్లిపోయాడు.

కుడికన్ను పోయింది. ఎడమది దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు.

మర్నాడు ఆ రాయి అమ్మిన దళారి చూడ్డానికి వచ్చాడు. వ్యాపారి వెళ్లి చొక్కా పట్టుకున్నాడు.

భార్య అడ్డుపడి దళారి వైపు తిరిగింది.

"కొట్టుకోవడం తర్వాత. ముందు నువ్వు ఇది చెప్పు. ఆ మట్టి చేతుల మనిషెవరు? లోపల నీళ్లున్నాయని అతనికెలా తెలుసు?"

దళారి తల దించుకున్నాడు.

"ఆ రాయి తవ్విందే అతనమ్మా. గునపం దెబ్బకి రెండైంది. ఒక ముక్క నాకమ్మాడు. రెండోది ఇంట్లోనే ఊది అమ్ముకుందామని ఉంచుకున్నాడు. వాళ్లావిడ బాగా ఊదుతుంది... ఊదేది."

వ్యాపారి పిడికిలి వదులైంది.

"మరి ఆ మట్టి? గనిలోంచి నేరుగా వచ్చాడా?"

"గని మట్టి కాదయ్యా. మొన్న సాయంత్రం ఆమెకి గుంత తవ్వి, పూడ్చి, నన్ను మీ కొట్టు గుర్తులడిగి, అటునుంచటే నడుచుకుంటూ వచ్చాడు."